పటం మీద ఎవరి చరిత్ర?

నర్మెట్ట, తరిగొప్పుల, బచ్చన్నపేట, చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలో పక్కపక్క ఊళ్లు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు చేర్యాల సిద్దిపేటలోకి పోయింది, నర్మెట్ట జనగామలో ఉండిపోయింది. కాగితం మీద హద్దు మారింది గానీ పటం కథలు చెప్పేవాళ్లు తిరిగే ఊళ్లు మారలేదు. ఈ చుట్టుపక్కల అరవై దాటినవాళ్లను కదిలిస్తే, పొడుగాటి గుడ్డను గుంజలకు కట్టి, ఎర్రటి నేల మీద బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తూ రాత్రంతా కథ చెప్పిన మనుషుల గురించి చెబుతారు. ఆ గుడ్డనే ఇప్పుడు మనం చేర్యాల పటం అంటున్నాం. దాన్ని గీసేవాళ్లను నకాషీలు అంటాం.

ఇప్పటి పిల్లలకు చేర్యాల బొమ్మ అంటే గోడకు వేలాడే చిన్న ఫ్రేము, హస్తకళల దుకాణంలో దొరికే కొబ్బరిచిప్ప ముఖం. బతుకమ్మ ఎత్తుకున్న ఆడవాళ్లు, తాడెక్కే గౌడ, మగ్గం ముందు కూర్చున్న సాలెవాడు చూడముచ్చటగా ఉంటారు. అయితే పటం గోడ కోసం పుట్టింది కాదు. అక్షరం అందని రోజుల్లో ఒక్కో కులం తన పుట్టుకను, తన పనిని, తన గౌరవాన్ని రాయించి పెట్టుకున్న గ్రంథం అది. దాన్ని ఎవరు రాయించారు, ఎవరు విప్పి వినిపించారు, అందులోకి ఏ సంగతి చేరింది, ఏది చేరలేదు అని చూస్తే, మన ప్రాంతం తన గతాన్ని ఎట్లా తలచుకుంటుందో తెలుస్తుంది. ముఖ్యంగా ఆ చేరని సంగతుల గురించే నాకు చెప్పాలని ఉంది. అక్కడికి పోయే ముందు పటం ఎట్లా తయారవుతుందో చూడాలి.

ఖద్దరు గుడ్డ మూడడుగుల వెడల్పున తీసుకుంటారు. పొడవు కథను బట్టి ఉంటుంది. ముప్పై అడుగులు కావచ్చు, అరవై దాకా పోవచ్చు. బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి గుడ్డకు పూస్తారు. ఒక పూత ఆరినాక మరో పూత, అదీ ఆరినాక మూడోది. నేత సందులు పూడి, గుడ్డ తెల్లగా నునుపు తేలుతుంది. పెన్సిల్ గీత లేకుండా కుంచెతోనే ముందు గీతలు వేస్తారు. ఆ కుంచె ఉడుత వెంట్రుకలను పుల్లకు కట్టి చేసుకున్నది. తర్వాత బొమ్మల చుట్టూ ఉన్న నేలంతా ఎరుపు నింపుతారు. రాత్రి దీపం వెలుగులో ఆ ఎరుపు మీద నీలం, పసుపు ఒళ్లు దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పూర్వం ఎరుపు ఇంగిలీకం నుంచి, నలుపు దీపపు మసి నుంచి, తెలుపు శంఖం నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. ఇప్పుడు సీసా రంగులూ వాడుతున్నారు.

రంగులకు ఒక కట్టు ఉంది. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, నలుపు ఛాయలు, మామూలు మనుషులకు గులాబీ ఛాయ. పేరు రాయనక్కర్లేదు. ఒంటి రంగు చూడగానే వచ్చినవాడు ఎవరో, ఏ పక్షమో వెనక వరసలో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. ఈ కట్టు దగ్గరికి మళ్లీ రావాల్సి ఉంటుంది.

పైన వినాయకుడు, సరస్వతి. వాళ్ల కింద కథ వరసలు వరసలుగా దిగుతుంది. వరసకూ వరసకూ మధ్య పూలతీగ అంచు. కథకుడు కట్టె చేతబట్టి బొమ్మ చూపిస్తూ పాడతాడు, మాటల్లో చెబుతాడు, మళ్లీ పాడతాడు. పక్కన తాళం, మద్దెల, హార్మోనియం. ఒక వరస అయిపోతే పటాన్ని చుట్టి తర్వాతి వరస తెస్తారు. ఇట్లా కొన్ని రాత్రులు సాగుతుంది.

ఇక్కడ బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఈ కథకుడు అందరికీ కథ చెప్పడు. ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కులం ఉంది. సాలెవాళ్లకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడిగెలవాళ్లు, మంగలివాళ్లకు అద్దపుసింగులు, గౌడలకు గౌడజెట్టీలు, గొల్లలకు మందెచ్చులు. చాకలివాళ్ల పటం కథవాళ్లు వేరే. ఎవరి కథ వాళ్ల ఆశ్రితులే చెప్పాలి. ఏ ఇంటివాళ్లు ఏ ఊళ్లలో చెప్పుకోవాలో కూడా పంపకాలు ఉంటాయి. తండ్రి తర్వాత అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఊళ్లు పంచుకుంటారు. కథ చెప్పించుకోవడం పోషక కులానికి ఇష్టమైతే చేసే దానం కాదు, చెల్లించాల్సిన బాకీ. ఆ హక్కుకు సాక్ష్యం పటమే. పటం విప్పినవాడిని ఊరు ఉత్త చేతులతో పంపదు.

పటం రాయించే పద్ధతి కూడా దీన్నుంచే వచ్చింది. కథకులు చేర్యాల నకాషీ ఇంటికి వచ్చి కథ చెప్పి, పాత పటం ఉంటే దాన్ని చూపించి, కొత్తది గీయించుకుంటారు. ధనాలకోట వంశం వంటి కుటుంబాలు తరతరాలుగా చేసిన పని ఇది. కొత్త పటం చేతికొచ్చాక జీర్ణమైన పాతదాన్ని నదిలో కలిపే ఆచారం ఉండేది. అందుకే పాత పటాలు అరుదు. మనకు తెలిసినంతలో తేదీ ఉన్న అతి పాత తెలంగాణ పటం 1625 నాటిది. హైదరాబాద్‌లో జగదీశ్, కమలా మిట్టల్ దంపతులు ఏళ్ల తరబడి సేకరించిన భాండారంలో అది ఉంది. అంటే గోల్కొండలో కుతుబ్ షాహీలు ఏలుతున్న రోజులకే ఈ పని నిండుగా పండి ఉంది. దీన్ని లోతుగా పరిశోధించిన కీర్తన తంగవేలు తన సిద్ధాంత గ్రంథంలో వీటిని తెలంగాణ చిత్ర పురాణాలుగా చూశారు. పురాణం అన్న మాట వినగానే చరిత్ర కాదని తోసేసే అలవాటు మనలో చదువుకున్నవాళ్లకు ఉంది. ఆ తొందర ఎందుకు పనికిరాదో పటాల్లోని కథలు చెబుతాయి.

సాలెవాళ్ల పటంలో మార్కండేయుడి వంశంలో భావనారుషి పుడతాడు. తామర నారతో దేవతలకు బట్ట నేస్తాడు. పులి మీద తిరుగుతాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. కాలవాసురుడనే రాక్షసుణ్ణి చంపితే వాడి ఒంట్లోంచి అద్దకపు రంగులు పుడతాయి. ఒక వృత్తి తన పనిముట్టుకు, తన రంగుకు ఆది చెప్పుకుంటున్న తీరు ఇది. చాకలివాళ్ల మడేలు పురాణం దక్షయజ్ఞంతో ముడిపడి ఉంటుంది. వీరభద్రుడు యజ్ఞం ధ్వంసం చేశాక నెత్తురంటిన దేవతల బట్టలు ఉతకడానికి మడేలయ్య పుడతాడు. దేవతలకే ఆయన పని అవసరమైంది. ఊరి బట్టలు ఉతికి, వెట్టి చేసి, మెతుకు కోసం గడి ముందు నిలబడ్డ ఇంటివాళ్లు ఈ కథ వింటుంటే వాళ్లలో ఏం కదిలి ఉంటుందో ఊహించుకోవాలి.

అన్నిటికంటే గట్టిది జాంబపురాణం. భూమి పుట్టక ముందే జాంబవుడు పుట్టాడని, దేవతలకంటే ఆయనే పెద్దవాడని డక్కలివాళ్లు మాదిగవాడల్లో పాడతారు. ఊరి చివరకు నెట్టబడ్డవాళ్లు లోకానికి తామే ముందు పుట్టామని పటం విప్పి చెప్పుకోవడం మామూలు ధైర్యం కాదు. దాన్ని పాడే డక్కలివాళ్లను ఆ మాదిగల కంటే కూడా కింద నిలబెట్టింది మన సమాజం. ఎంత కిందివాడైతే అంత పాత చరిత్ర చెప్పుకున్నాడు. వేరే ఏ దస్తావేజూ చేతిలో లేనివాడికి ఆ పాతదనమే పట్టా.

అందుకే పటంలోది నిజంగా జరిగిందా అన్న ప్రశ్న దగ్గర మాత్రమే ఆగిపోకూడదు. దీన్ని చెప్పుకోవాల్సిన అవసరం ఎవరికి వచ్చింది, ఎవరి ముందు చెప్పారు అని కూడా అడగాలి. రాజుల శాసనాలను కూడా మనం అట్లాగే చదువుతాం. శాసనంలో రాజు తన వంశాన్ని చంద్రుడి నుంచో సూర్యుడి నుంచో ఎత్తుకుంటాడు. దాన్ని చరిత్రకు ఆధారం అంటాం. సాలెవాడు మార్కండేయుడి నుంచి ఎత్తుకుంటే కట్టుకథ అంటాం. ఆ తేడా చూపడం న్యాయం కాదు.

ఇప్పుడు కొంచెం దూరం పోయి రావాలి. జనం గీసిన బొమ్మల్లో దేశ చరిత్ర కనిపించే చోట్ల గురించి మాట్లాడితే ప్రపంచంలో ఎవరైనా హైతీ పేరు చెబుతారు. కరీబియన్ సముద్రంలోని చిన్న దేశం అది. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు చెరకు తోటల్లో ఫ్రెంచివాళ్ల మీద 1791లో తిరగబడి, పన్నెండేళ్లు పోరాడి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. బానిసలు గెలిచి దేశం కట్టుకున్న ఉదాహరణ చరిత్రలో మరొకటి లేదు. ఆ గెలుపుకు కూడా కప్పం కట్టించుకున్నారు. పోగొట్టుకున్న తోటలకు, మనుషులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు ఇవ్వాలని 1825లో ఫ్రాన్స్ యుద్ధ ఓడలు పంపి ఒప్పించింది. తర్వాత ఆ మొత్తాన్ని తగ్గించినా, ఆ అప్పు తీర్చడానికి తరాలు పట్టాయి.

1943లో డివిట్ పీటర్స్ అనే అమెరికా చిత్రకారుడు ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి పోర్ట్-ఓ-ప్రిన్స్ నగరానికి పోయాడు. మరుసటి ఏడు అక్కడ ఒక కళాకేంద్రం తెరిచాడు. బడిలో బొమ్మలు నేర్చుకోని మనుషుల చిత్రాలు అక్కడికి రావడం మొదలైంది. ఎక్తోర్ ఇపోలిత్ వాళ్ల వోదూ మతంలో పూజారి, ఇళ్లకూ తలుపులకూ రంగులేసుకుని బతికినవాడు. దేవతలను గీశాడు. ఫిలోమే ఓబాన్ ఉత్తరాన కాప్-ఐతియన్ పట్నంవాడు, 1892లో పుట్టాడు. ఆయన పట్టుకున్నది చరిత్రను. విప్లవ నాయకులను, తన పట్నపు వీధులను, తన కళ్లముందు జరిగిన సంగతులను ఒక్కో ఇటుక, ఒక్కో కిటికీ లెక్కతప్పకుండా గీశాడు. 1986లో పోయేదాకా గీస్తూనే ఉన్నాడు.

ఓబాన్ బొమ్మల్లో ఒకటి మనకు బాగా పనికొస్తుంది. 1915 నుంచి 1934 దాకా హైతీని అమెరికా సైన్యం ఆక్రమించుకుంది. పల్లె రైతులను కూడగట్టి దానిమీద పోరాడినవాడు షార్లమాన్ పెరాల్ట్. 1919లో మోసంతో ఆయన్ను కాల్చి చంపారు. శవాన్ని తలుపుకు కట్టి నిలబెట్టి ఫోటో తీసి, జనాన్ని భయపెట్టడానికి ఆ ఫోటోలు పంచారు. జనం ఆ ఫోటోలో శిలువ మీది క్రీస్తును చూశారు. ఓబాన్ దాన్నే రంగుల్లో మళ్లీ మళ్లీ గీసి, స్వేచ్ఛ కోసం శిలువ వేయబడ్డ పెరాల్ట్‌గా నిలబెట్టాడు. శత్రువు తీసిన బొమ్మను జనం లాక్కుని తమ చరిత్రగా మార్చుకోవడమంటే ఇదే. అక్కడ కొత్త చరిత్ర పాత దేవుడి భంగిమను అరువు తెచ్చుకుని బొమ్మలోకి దిగింది.

కొత్త చరిత్ర ఇట్లా బొమ్మలోకి దిగడం మన దగ్గర ఎంతవరకు జరిగింది? కొంత జరిగింది. రెండు చోట్ల బాగానే జరిగింది.

మొదటిది కాటమరాజు కథ. గొల్లలకు మందెచ్చులు చెప్పే ఈ కథకు గుడ్డ పటంతో పాటు కొయ్యబొమ్మలు వాడతారు. వాటినీ నకాషీలే చేస్తారు. చెక్క మీద చింతగింజల ముద్ద, చెక్కపొట్టు కలిపి మెత్తి, సుద్ద పూసి, రంగులేస్తారు. ఒక్కో పాత్రకు ఒక్కో బొమ్మ. కథకుడు బొమ్మను ముందుకు తెచ్చి నిలబెడితే ఆ పాత్ర ప్రవేశించినట్టు. కథలో అసలు గొడవ పుల్లరి. పశువులు మేసిన గడ్డికి నెల్లూరు ఏలిక మనుమసిద్ధి పన్ను అడుగుతాడు, కాటమరాజు ఇవ్వనంటాడు, ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం జరుగుతుంది. మనుమసిద్ధి 13వ శతాబ్దపు రాజు, కవి తిక్కన ఆయన మంత్రి. అంటే మన ఊళ్లలో గొల్లల ముంగిట నిలబడ్డ కొయ్యబొమ్మలు ఏడువందల ఏళ్లనాటి పన్ను తగాదాను మోస్తున్నాయి.

రెండోది మేడారం. కాకతీయ ప్రతాపరుద్రుడి సేనతో సమ్మక్క, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న, గోవిందరాజు పోరాడిన కథ అందరికీ తెలుసు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు యుద్ధం వచ్చింది. సంపెంగ వాగులో జంపన్న పడిపోయాడు, అది జంపన్నవాగు అయింది. సమ్మక్క చిలుకలగుట్ట ఎక్కి కనిపించకుండా పోయింది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి కోట్ల మంది పోయి మొక్కే కథ ఇది. 2016 నుంచి భూపాలపల్లి జిల్లాలో ఉన్న మేడారం 2019లో ములుగు జిల్లాలోకి పోయింది.

జాతరకు పోయేవాళ్లలో చాలామంది గమనించనిది, ఈ కథకు కోయలు తమదైన దస్తావేజు ఉంచుకున్నారన్న సంగతి. అదే పడిగె. ఒక్కో గట్టుకు, అంటే గోత్రానికి, ఒక్కో వంశానికి ఇలవేలుపు పడిగె ఉంటుంది. గుడ్డ మీద వేల్పులు, పూర్వీకులు, జంతువులు, గుర్తులు ఉంటాయి. కోయల కథకులైన డోలీలు దాన్ని ముందు పెట్టుకుని, డోలు, కంచు తాళం వాయిస్తూ ఏ గట్టువాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో, ఏ ఊళ్లో ఆగారో, ఎవరు ఎవరికి బంధువులో పాడతారు. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును పెనుక వంశంవాళ్లు పడిగె రూపంలో, కాలినడకన అడవి దారిన మేడారం తీసుకుపోతారు. రాజు విగ్రహంగా రాడు, గుడ్డగా వస్తాడు. ఈ పడిగెలను, వాటి వెనకున్న పాటలను సేకరించి లోకానికి చూపించడంలో జయధీర్ తిరుమలరావు చేసిన కృషి పెద్దది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అంత మంది వేల్పుల కథలు నోటికి ఉన్న మనిషి పోవడమంటే, గుడ్డ మిగిలినా దాన్ని చదివే కళ్లు తగ్గడమే.

పుస్తకాల్లో వచ్చే సమ్మక్క కథ ఎక్కువగా కాకతీయుల వైపు నుంచి మొదలవుతుంది. రాజు, సామంతుడు, కప్పం, సైన్యం అన్న వరసలో నడుస్తుంది. పడిగె మీది కథలో మధ్యలో ఉండేది గట్టు, వంశం, ఊరు. ఒకే యుద్ధం రెండు వైపుల నుంచి ఎట్లా కనిపిస్తుందో తెలియాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మన బడి పుస్తకాల్లో ఒక్కటే ఉంది.

కాటమరాజు పుల్లరి అయినా, సమ్మక్క కప్పం అయినా పన్ను ఎగ్గొట్టిన జనం కథలే. ఆ దారినే మన జనగామలోకి నడిస్తే మూడోవాడు కనిపిస్తాడు. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్ కోటవాడు సర్వాయి పాపన్న. గీత కులంలో పుట్టి, మనుషులను పోగేసి, 1708లో వరంగల్ కోట మీద పడ్డాడు, తర్వాత భువనగిరి కొట్టాడు. 1710లో మొగలుల చేతిలో చచ్చాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ను దొంగగా రాశాడు. జనం ఆయన మీద పాట కట్టుకున్నారు. ఆ పాటను జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి 1874లో అచ్చువేశాడు. దక్కన్ చరిత్రలో ఎనిమిది జీవితాలను ఎంచి రాసిన రిచర్డ్ ఈటన్ అందులో ఒకటి పాపన్నకు ఇచ్చాడు. గౌడలకు పటం ఉంది, కథ చెప్పే గౌడజెట్టీలు ఉన్నారు. అయినా ఆ పటం గౌడ పురాణానిది, కంఠమహేశ్వరుడిది. పాపన్న పాటలో బతికాడు, పటంలో చోటు దొరకలేదు.

చాకలివాళ్ల విషయంలో ఇది ఇంకా బాధగా ఉంటుంది. పాలకుర్తి జనగామ జిల్లాలోనే ఉంది. అక్కడ చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలంలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. పోరాట సంఘంవాళ్లు ఆమె పక్కన నిలబడి వడ్లు ఆమె ఇంటికే చేర్చారు. అదే దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య పడిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడ రాజుకుంది. రెండేళ్లకు, 1948 ఆగస్టు 27న, చేర్యాలకు దగ్గరి బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు పడి ఒక్కరోజులో పదుల మందిని చంపాయి. నకాషీలు ఉండే ఈ ప్రాంతంలోనే ఇంత జరిగింది. ఐలమ్మ 1985లో పోయింది, 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, ఊరూరా విగ్రహాలు లేచాయి. ఆమె కులంవాళ్ల ఇళ్ల ముందు విప్పే పటం మీద మాత్రం ఇప్పటికీ దక్షయజ్ఞమే ఉంది.

ఎందుకని? నకాషీలకు చేతకాక కాదు. పటం పుట్టాలంటే నలుగురు కలవాలి. డబ్బిచ్చే పోషక కులం, కథ కట్టి పాడే ఆశ్రితుడు, గీసే నకాషీ, కూర్చుని వినే ఊరు. ఇందులో ఏ ఒక్కరు లేకున్నా పటం లేదు. పైగా పటం ఒక్కో కులానికి విడివిడిగా పుడుతుంది. సాయుధ పోరాటం కులాల గోడలు దాటింది. కొమురయ్య కురుమ, ఐలమ్మ చాకలి, కామారెడ్డిగూడెంలో దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం. ఈ ముగ్గురూ ఒకే కథలో ఉన్నారు. ఆ కథ ఎవరి పటమవుతుంది? ఏ ఆశ్రితుడికి దాన్ని విప్పే హక్కు ఉంటుంది? అందుకే పోరాటం వేరే వాహనాలు వెతుక్కుంది. బుర్రకథను తీసుకుంది. గొల్లసుద్దులను తీసుకుని సుద్దాల హనుమంతు వంటివాళ్లు కొత్త మాటలు పోశారు. పాటకు గుడ్డ, నకాషీ, నెలల పని అక్కర్లేదు. పోలీసు వస్తే పాటను చుట్టి దాచనక్కర్లేదు కూడా. అయితే పాటది గాలివాటం. పాడేవాడు మారితే వరస మారుతుంది, పాడేవాడు లేకపోతే లేదు. పటం విప్పినచోట ప్రతిసారీ అదే ముఖం, అదే రంగు, అదే చోట కనిపిస్తుంది.

హైతీకి ఈ చిక్కు ఎందుకు రాలేదంటే అక్కడ చరిత్రకు కులాలవారీ యజమానులు లేరు. బానిసత్వం తెచ్చిన బాధ, దాన్ని తెంచుకున్న గర్వం దేశమంతటికీ ఉమ్మడి. ఓబాన్ తనకు తోచింది గీయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాకుంటే ఆయన బొమ్మను ఊరి మధ్య విప్పి రాత్రంతా పాడేవాళ్లు లేరు. అది గ్యాలరీకి పోయింది, అక్కడి నుంచి పరాయి దేశాల మ్యూజియాలకు పోయింది. పోర్ట్-ఓ-ప్రిన్స్ క్రైస్తవ దేవాలయంలో ఈ చిత్రకారులు 1950 ప్రాంతంలో వేసిన గోడ చిత్రాల్లో మూడే 2010 భూకంపానికి తట్టుకుని మిగిలాయి. మన పద్ధతిలో గుడ్డ పోయినా పటం పోదు, మళ్లీ రాయిస్తారు. రాయించేవాళ్లు ఉన్నంతకాలం అది పెద్ద బలం.

ఆ రాయించేవాళ్లే ఇప్పుడు తగ్గిపోయారు. సినిమా, టీవీ వచ్చాక రాత్రుళ్లు కూర్చునే ఊరు పలచబడింది. ఆశ్రితుల పిల్లలు వేరే పనులకు పోయారు. పోవాలి కూడా. ఇంటింటికీ తిరిగి అడుక్కోవాల్సిన బతుకును కళ పేరుతో ఎవరి మీదా రుద్దే హక్కు మనకు లేదు. నకాషీ కుటుంబాలు బతుకుదెరువు కోసం చిన్న ఫ్రేములకు, ముఖాలకు, తాళంచెవి గొలుసులకు మళ్లాయి. చేర్యాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ల పని అంతరించకుండా కాపాడింది ఆ చిన్న ఫ్రేమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే కొనేవాడికి కావలసింది ఒక్క బొమ్మ. అరవై అడుగుల కథలోంచి ఒక్క వరస తెగి గోడ మీదికి పోతే అది పల్లె అందంగా మిగులుతుంది, వాదన పోతుంది. హైతీలోనూ ఇదే జరిగింది. పర్యాటకులు రంగురంగుల సంత బొమ్మ అడిగారు, సంత బొమ్మలు వేలల్లో వచ్చాయి. పెరాల్ట్‌ను గోడకు వేలాడదీసుకుంటానన్న పర్యాటకుడు ఎంతమంది ఉంటారు?

కొత్త పటం రావాలంటే మొదట తేల్చుకోవాల్సింది రంగు. రజాకారు ఒంటికి ఏ రంగు వేయాలి? రాక్షసుడి ముదురు రంగు వేస్తే కథ సులువవుతుంది, కానీ అబద్ధమవుతుంది. వాడు మన పక్క ఊరి మనిషే. ఆ రంగును ఒక మతానికి అంటగడితే బందగీకి ఏ రంగు వేస్తారు? దేశ్‌ముఖ్ ఇంటిపేరు, కులం పరాయివి కావు. అందరికీ మనుషుల గులాబీ ఛాయే వేసి, చేసిన పనితో మాత్రమే ఎవరు ఎవరో చూపించడం నా మటుకు నాకు సరైన దారి అనిపిస్తుంది. చేర్యాల చేతులకు అది కష్టమేమీ కాదు. గడిని, బురుజును, తుపాకీని, నాగలిని అవి ఇప్పటికే గీయగలవు.

రెండోది, ఎవరు రాయించాలి అన్నది. కొత్తగా ఎవరో వచ్చి పెద్ద పథకం పెట్టే దాకా ఆగనక్కర్లేదని నా అభిప్రాయం. పటం ఎప్పటికప్పుడు తిరగరాసేదే. పాతది చిరిగిపోయి కొత్తది గీయించే రోజున కథను పెంచమని అడిగే అధికారం పోషకులకు ఉంది. మన జిల్లాలో ఏ ఊరి రజక సంఘమైనా మడేలు పటం కొత్తగా రాయించుకోవాలనుకుంటే, చివర నాలుగు వరసలు కలపమని నకాషీని అడగొచ్చు. కౌలు పొలంలో ఐలమ్మ, కొడవళ్లతో వచ్చిన గడి మనుషులు, అడ్డం నిలబడ్డ సంఘం, ఇంటికి చేరిన వడ్లు. నెత్తురు బట్టలు ఉతికిన మడేలయ్యతో మొదలైన కథకు ఇవి పరాయివి కావు. వాటిలో ఎవరెవరు ఎక్కడ నిలబడి ఉండాలో పాలకుర్తివాళ్లను అడిగితే చెబుతారు.